చివరి పదహారు పేజీలు

మా బావ లిఫ్టు మెకానిక్కు. నవలలు కూడా రాస్తాడు. ఆయన్ని అడిగితే నవలా రచయితనని, తీరిక దొరికినప్పుడు లిఫ్టులు చూస్తానని చెబుతాడు. ఆయన లిఫ్టులు చూసే నలభై భవనాల వాళ్ళని అడిగితే లిఫ్టుల సంగతి ఒక్కటే చెబుతారు. మా అక్క రెండూ చెప్పదు. "పనికి వెళ్ళారు" అని ఊరుకుంటుంది.

నాది ప్రెస్సు. మా నాన్న పెట్టాడు, నేను నెట్టుకొస్తున్నాను. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, బడి నోటు పుస్తకాల అట్టలు అచ్చేస్తాను. బైండింగు మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నేను కట్టిన పుస్తకం ఊడిందని ఇంతవరకూ ఒక్కరు కూడా నా గుమ్మం ఎక్కలేదు. ఈ మాట కనబడ్డవాళ్ళందరికీ చెబుతుండేవాణ్ణి. ఈమధ్య కాస్త తగ్గించాను.

బావ పుస్తకాలు వేయడానికి ఏ ప్రచురణ సంస్థా ముందుకు రాలేదు కాబట్టి తనే వేసుకుంటాడు. అంటే నేను వేస్తాను. బావమరిదికి ప్రెస్సు ఉండగా ఇంకోచోటికి పోతే అక్క ఊరుకోదు. నా దగ్గర వేయిస్తే బావకి నిద్ర పట్టదు. మొదటి పుస్తకంలో ఏడో పేజీ కాస్త వంకరగా పడింది. అది చూసి ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి తన పుస్తకం అచ్చయ్యాక తెరిచి చూడడు. "చూసినా దిద్దలేను కదరా, చూడటం ఎందుకు?" అంటాడు. ఈ ఒక్క అలవాటు లేకపోతే నేనిప్పుడు చెప్పబోయేది జరిగేదే కాదు.

ఆయన నవలలన్నీ లిఫ్టుల్లోనే నడుస్తాయి. ఎవరో ఒకరు లిఫ్టులో చచ్చిపోతారు, లేదంటే మాయమైపోతారు. ఒక మెకానిక్కు వచ్చి గుట్టు విప్పుతాడు. అన్నీ లిఫ్టులేనా బావా అంటే, "నీ పెళ్ళి కార్డుల్లో అన్నీ పెళ్ళిళ్ళేగా" అన్నాడు. ఇదంతా అక్క చెప్పగా తెలిసిందే. నేను అచ్చేస్తాను, చదవను. వంటవాడు వండినవన్నీ తింటాడా?

బావకి పేరు అక్కర్లేదు, శాలువాలు అక్కర్లేదు. ఆయనకి కావలసింది ఒకటే. చుట్టం కానివాడు, మొహమాటం లేనివాడు, తనతో ఏ పనీ లేనివాడు ఒక్కడు తన పుస్తకం మొదలుపెట్టి చివరిదాకా చదివాడని తెలియాలి. ఇంత చిన్న కోరిక తీరడం ఎంత కష్టమో ఆయన్ని చూశాకే నాకు అర్థమైంది. మూడో పుస్తకం ఆవిష్కరణ సభలో రిటైరైన లెక్కల మాస్టారు పుస్తకం పైకెత్తి చూపిస్తూ, "ఏకబిగిన చదివించిందండీ!" అన్నాడు. దానికి నేను స్వయంగా అంటించిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. బావ ముందు వరసలో కూర్చుని ఆ కవరు వంకే చూశాడు.

అదే మూడో పుస్తకంలో బావ ఒక వల పన్నాడు. నూట పన్నెండో పేజీలో, కథ మధ్యలో, "ఇక్కడిదాకా వచ్చినవారు నాకు కనిపిస్తే టీ ఇప్పిస్తాను" అని ఒక వాక్యం పెట్టాడు. రెండేళ్ళలో టీ అడిగినవాడు లేడు. పుస్తకం తీసుకెళ్ళి బ్రహ్మాండంగా ఉందన్న వాళ్ళందరినీ బావ దారిలో ఆపి, "టీ తాగుదామా?" అని అడిగి చూసేవాడు. "ఇప్పుడే తాగొచ్చానండీ" అనేవాళ్ళు.

ఆ తర్వాత ఒకరోజు అన్నం తింటూ అక్కతో అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"నాలుగోది రాస్తాను. వచ్చిన ఆరు నెలల్లో బయటి మనిషి ఒక్కరు చివరిదాకా చదివారని తెలిస్తే అయిదోది మొదలుపెడతాను. తెలియకపోతే ఇక రాయను. పెన్ను పక్కన పెట్టేస్తాను."

"మీ ఇష్టం" అంది అక్క. ఆమె ముఖంలో ఏమీ కనబడలేదు. వడ్డించడం మాత్రం మర్చిపోయింది.

మా బావ మాటంటే మాటే. సిగరెట్లు అలాగే మానేశాడు. మా పెద్దమ్మ కొడుకుతో మాట్లాడటం కూడా అలాగే మానేశాడు. అందుకని ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదని మా ఇద్దరికీ తెలుసు.

సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ళు పైకి రావడం ఎలా అని ఒక హోటలు హాల్లో ఒకరోజు తరగతి పెడితే బావ సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. పాఠం చెప్పినాయన తన జన్మలో రాసింది ఒకటే పుస్తకమట. పుస్తకాలు అమ్మడం ఎలా అన్నదే దాని విషయమట. అది బాగా అమ్ముడుపోయిందట. బావ నోటు పుస్తకం నిండా చిట్కాలు రాసుకొచ్చాడు. పాఠకుడి కోసం ఎదురు చూడకు, పాఠకుడున్న చోటికి నువ్వే వెళ్ళు. మొదటి అధ్యాయం ఊరికే ఇవ్వు. చదివినవాడు నీతో మాట్లాడటానికి పుస్తకంలోనే దారి చూపించు. ఇలా ఇరవయ్యొకటి.

జనం ఒక నిమిషంపాటు చేసే పనేమీ లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక నిలబడే చోటు ఏదో లిఫ్టు మెకానిక్కుకి ఒకరు చెప్పాలా? కొత్త నవల మొదటి రెండు పేజీలు పెద్ద అక్షరాల్లో నాచేత అచ్చేయించి ఒక అపార్ట్‌మెంటు లిఫ్టులో, ఎంతమంది ఎక్కాలో రాసి ఉండే బోర్డు పక్కన అంటించాడు. కింది నుంచి ఆరో అంతస్తుకి ముప్పై ఎనిమిది సెకన్లు. ఆ లెక్కన చూస్తే రెండో అంతస్తు వాళ్ళకి మొదటి పేరా మాత్రమే అందుతుంది. వాళ్ళలో కొందరు తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి ఆరుదాకా వెళ్ళి దిగి వచ్చేవాళ్ళట. ఆ నెలలో ఆ లిఫ్టు మూడుసార్లు చెడింది. మూడుసార్లూ బావే వెళ్ళి బాగుచేశాడు. నాలుగోసారి అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు ఆ కాగితాలు పీకి ఆయన చేతిలో పెట్టి, "మీ కథేనండీ దీని రోగం" అన్నాడు. బావ దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాడు.

తెలిసినవాళ్ళ పేర్లు పాత్రలకి పెడితే వాళ్ళు తప్పక చదువుతారన్నది ఇంకో చిట్కా. పెట్టాడు. శవానికి ఎవరి పేరు పెట్టాడో ఆయన ఒక్కడే, పుస్తకం అచ్చవకముందే, ఇంటిమీదికి వచ్చాడు. అదీ చదివి కాదు, ఎవరో చెబితే. ఆ తర్వాత క్షౌరశాలలో రెండు కాపీలు, పళ్ళ డాక్టరు దగ్గర రెండు, కళ్ళజోళ్ళ షాపులో ఒకటి, బ్యాంకులో ఒకటి, ఇలా మనుషులు వేచి ఉండే చోటల్లా పెట్టాలని ముందే మాట్లాడి ఉంచుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద ఆశ చివరి పేజీ మీద పెట్టుకున్నాడు. కథ అయిపోయాక, ఆఖరి పేజీలో, తన ఫోను నంబరు. దాని కింద రెండు ముక్కలు: "చివరిదాకా వచ్చారు కదా, ఒక్కసారి ఫోను చేయండి. బాగుందని చెప్పక్కర్లేదు. చదివానని చెబితే చాలు."

ఇక నా పాపం దగ్గరికి వద్దాం.

పుస్తకంలో పదహారేసి పేజీలు ఒక పెద్ద కాగితం మీద అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. నాలుగో నవల నూట డెబ్భై ఆరు పేజీలు, అంటే పదకొండు ఫారాలు. ఒక్కో ఫారాన్ని ఒక్కో దొంతరగా బల్ల మీద వరసన పేర్చి, బల్ల చుట్టూ తిరుగుతూ దొంతరకొకటి తీసుకుంటూ పోతే ఒక పుస్తకం అవుతుంది. నా బల్ల మీద పది దొంతరలే పడతాయి. పదకొండోది పక్కన స్టూలు మీద పెట్టాను. సరిగ్గా ఆ రోజే బడి నోటు పుస్తకాల అట్టలు వచ్చాయి. తెచ్చిన ఆటోవాడు వాటిని ఆ స్టూలు మీద పేర్చి వెళ్ళిపోయాడు. నేను బల్ల చుట్టూ మూడు వందల సార్లు తిరిగాను. తిరిగినప్పుడల్లా పది తీశాను. ఇరవై రెండేళ్ళ చెయ్యి, దానికి లెక్క తెలుసు అనుకున్నాను. దానికి తెలిసింది బల్ల లెక్క. కుట్టేటప్పుడు వెన్ను కాస్త వదులుగా అనిపించింది. కాగితం పల్చగా వచ్చిందని కాగితం అమ్మినవాణ్ణి తిట్టి, అట్టలు అంటించేశాను.

ఇంకో దురదృష్టం ఏమిటంటే, నూట అరవయ్యో పేజీ నిండు వాక్యంతో ముగిసింది. ఒక గడియారాలు బాగుచేసే ఆయన మూడో అంతస్తులో లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తులో దిగకుండా మాయమవడం ఆ కథ. నూట అరవయ్యో పేజీలో ఆఖరి మాట, "లిఫ్టు తలుపు తెరుచుకుంది." ఆ తర్వాత అట్ట.

సభలో లెక్కల మాస్టారు ఈసారి కవరు విప్పాడు. తన వంతు వచ్చేలోగా చివరి పేజీ కూడా చూసినట్టున్నాడు. "ఏం ముగింపండీ! చెప్పీ చెప్పకుండా వదిలేశారు. మిగతాది మన ఊహకే!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. బావ ముఖం మాడిపోయింది. ఆయన రాసిన ముగింపులో హంతకుడు దొరుకుతాడు, తప్పు ఒప్పుకుంటాడు, ఎందుకు చేశాడో నాలుగు పేజీల పొడుగునా చెబుతాడు. ఊహకి వదిలింది ఒక్క ముక్క కూడా లేదని ఆయన నమ్మకం. "చూశావురా? చదవలేదు" అన్నాడు నాతో, మెట్లు దిగుతూ.

సభ జరిగిన తొమ్మిదో రోజున బడివాళ్ళు వచ్చి అట్టలు పట్టుకెళ్ళారు. స్టూలు బయటపడింది. దాని మీద మూడు వందల చివరి ఫారాలు, నేను మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. తలుపు దగ్గరగా వేసి ఒక ఫారం విప్పి చదివాను. హంతకుడు ఆ గడియారాలాయన బావమరిది. వృత్తి బైండింగు. ఈ సంగతి అక్క నాకు చెప్పలేదు. చివరి ఆకు ఒకవైపు ఖాళీ, తిప్పితే ఫోను నంబరు కనబడింది.

అప్పుడే పరిగెత్తి వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. బావ అన్నం మానేస్తాడన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు కారణం ఇరవై రెండేళ్ళ నా గొప్ప. పైగా ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఎలాగూ చివరిదాకా చదివేవాడు లేడు కదా, లేనిది ఎవరికి తెలుస్తుంది? బావని జీవితంలో ఎవరూ అంత మాట అనలేదు. నేను మనసులో అన్నాను, అదీ నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అయిదో వారంలో బడి బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. క్షౌరశాలలో పుస్తకం చూసి, అడిగి ఇంటికి పట్టుకెళ్ళాడట. రెండో పేజీలో అచ్చేసినవాడి చిరునామా వేయడం మా వృత్తిలో మర్యాద. అది చూసుకుని వచ్చాడు.

"ఏమండీ, కథ అయిపోయిందా, మీ కాగితం అయిపోయిందా?"

"పొరపాటు జరిగిందండీ. ఒక్క నిమిషం కూర్చోండి."

ఒక ఫారం మడతల అంచులు కోసి ఇచ్చాను. ఇచ్చే ముందు చివరి ఆకు చించేశాను. ఆ నంబరు ఆయన చేతిలో పడితే బావకి ఫోను వెళ్తుంది, ఫోను వెళ్తే నా బండారం బయటపడుతుంది. డ్రైవరు అక్కడే నిలబడి మొదటి పేజీ చదువుతూ, "రాసినాయన ఎక్కడుంటారండీ?" అని అడిగాడు. ఆయన ఊళ్ళో లేరని చెప్పాను. ఆ సమయానికి బావ పక్క వీధిలోనే లిఫ్టు గొయ్యిలో దిగి గ్రీజు పూస్తున్నాడు.

తర్వాత బ్యాంకు కాపలాదారు వచ్చాడు. ఒక తల్లీ కూతుళ్ళు వచ్చి, ఎవరు ముందు చదవాలని నా ఎదురుగానే పోట్లాడుకుంటే చెరొక ఫారం ఇచ్చి పంపాను. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చేపోయే ఇద్దరు విడివిడిగా వచ్చారు. వాళ్ళలో ఒకాయనకి నోట్లో దూది ఉండటం వల్ల చేతులతోనే అడిగాడు. మొత్తం ఆరుగురు. ప్రతిసారీ చివరి ఆకు చించుతూనే ఉన్నాను. చెత్తబుట్టలో ఆరు ఆకులు, ప్రతి దాని మీదా మా బావ నంబరు.

అక్కడ బావ భోజనాల దగ్గర ఫోను కంచం పక్కనే పెట్టుకునేవాడు. మొదటి నెల అది ఒకసారి మోగగానే తీసేవాడు. ఎవరో లిఫ్టులో ఇరుక్కుని ఉండేవాళ్ళు. మూడో నెలకి తీరిగ్గా తీయడం మొదలుపెట్టాడు. అయిదో నెలకి ఫోను చొక్కా జేబులోనే ఉండిపోయింది. ఎవరైనా పుస్తకం గురించి మాట్లాడుతుంటే నేను భుజాలు తడుముకునేవాణ్ణి. అక్క ఒకసారి నన్ను వంటింట్లోకి పిలిచి, "ఎవరినైనా పురమాయించి ఫోను చేయించరా, చదివామని చెప్పించు" అంది. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. అలా చేస్తే బావ రెండు ప్రశ్నలు వేసి పట్టేస్తాడని చెప్పి తప్పించుకున్నాను.

ఆరు నెలలు నిండటానికి నాలుగు రోజులుంది. పొద్దున్నే ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో అద్దాలు అరగదీస్తుందట. షాపు ముందు భాగంలో కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి చదివి చూసుకోమని బావ పుస్తకమే ఇస్తున్నారట. అందరూ మొదటి పేజీ చదివి పెట్టేస్తే, ఈవిడ ఖాళీ దొరికినప్పుడల్లా మిగతాది చదివిందట.

"రెండుసార్లు చదివానండీ. మొదటిసారి ముగింపు నాకే అర్థం కాలేదేమో అనుకున్నాను. రెండోసారి కుట్టు చూశాను. ఒక కట్ట తక్కువుంది."

నేను ఫారం కోసి ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలుగుకి పెట్టి అంచు చూసింది.

"చివరాకు చించారు. ఎందుకు?"

"అందులో కథ లేదండీ."

"కథ లేకపోతే చించడం దేనికి?" ఫారం నా బల్ల మీదే పెట్టేసింది. "పూర్తిగా ఉన్నప్పుడు చెప్పండి, వస్తాను" అని వెళ్ళిపోయింది. అరగదీసే పనిలో ఉన్నవాళ్ళకి వెంట్రుకవాసి తేడా కూడా కనబడుతుందని అప్పుడు తెలిసింది.

అదే మధ్యాహ్నం బావ వచ్చాడు. చేతిలో లావుపాటి నోటు పుస్తకం. అయిదో నవల కోసం పెట్టుకున్నది. మొదటి పాతిక పేజీలు రాసి ఉన్నాయి.

"వెనకంతా తెల్ల కాగితాలేరా. రాసినవి చించేసి, మిగతావి చిత్తు కాగితాలుగా వాడుకో."

"ఇంకా నాలుగు రోజులుంది కదా బావా."

"నాలుగు రోజుల్లో ఏం ఒరుగుతుందిలే. మంచి కాగితం, దండగ కావడం ఎందుకు?"

ఆయన గొంతులో బాధ కూడా లేదు. చెడిపోయిన మోటారు గురించి చెబుతున్నట్టు చెప్పాడు. నాకది భరించడం కష్టమైంది. స్టూలు కిందకి జరిపిన దొంతర లాగి ఆయన ముందు పెట్టాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. చించిన ఆకుల సంగతి కూడా దాచలేదు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

బావ ఫారాల దొంతర వంక చూడనే లేదు.

"ఎంతమంది వచ్చారు?"

"ఏడుగురు."

"చివరిదాకా చదివే వచ్చారా?"

"చివర లేదని వచ్చారు బావా. చదవకపోతే ఎలా తెలుస్తుంది?"

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్కరి గురించీ అడిగాడు. డ్రైవరు సరిగ్గా ఏమన్నాడు, నవ్వుతూ అన్నాడా, చిరాగ్గా అన్నాడా? తల్లీ కూతుళ్ళలో ఎవరు ముందు చదివారు? నోట్లో దూది ఉన్నాయన చేతులతో ఎలా అడిగాడు? ఆయన అడిగినట్టే నేను చేసి చూపించాను. మళ్ళీ చేయమన్నాడు. చేశాను. ఏడో మనిషి కళ్ళజోళ్ళ షాపావిడ అని, ఆవిడ ముగింపు ఇంకా చదవలేదని చెప్పగానే లేచాడు.

"చివరాకు ఉన్నది ఒకటి కొయ్యి. పద."

షాపుకి మేం వెళ్ళేసరికి ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని బావ పుస్తకం మొదటి పేజీ పైకి చదువుతున్నాడు. బావ గుమ్మంలోనే ఆగిపోయి, ఆయన పేరా ముగించేదాకా కదల్లేదు. వెనక గదిలోంచి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఈయనే రాసిందని చెప్పాను. నమస్కారం పెట్టి, ఫారం తీసుకుని, ముందు చివరాకు ఉందో లేదో చూసుకుని, అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టింది. పదిహేను ఇరవై నిమిషాలు పట్టింది. ఊరికే నిలబడ్డాం కదా అని షాపాయన బావకి కళ్ళు పరీక్ష చేశాడు. రెండు కళ్ళకీ అద్దాలు కావాలన్నాడు. బావ ఆవిడ వంకే చూస్తూ, అడిగిన అక్షరమల్లా తప్పు చెప్పాడు.

ఆవిడ చదవడం అయ్యాక పేజీలు సరిచేసి మడిచింది.

"ఇది బాగాలేదండీ."

షాపాయన దగ్గాడు. బావ ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఎక్కడ?"

"ఈ బావమరిది చంపాడంటే నేను నమ్మను. తొంభయ్యో పేజీలో ఆయన చెయ్యి విరిగి కట్టుతో ఉన్నాడు. మర్నాడే రెండు అంతస్తుల మధ్య లిఫ్టు తలుపు తెరిచాడని రాశారు. ఒంటి చేత్తో వస్తుందా అది? లిఫ్టు పని తెలిసినవాళ్ళు రాశారనుకుంటూ చదివాను."

ముప్పై ఏళ్ళుగా లిఫ్టు తలుపులు తెరుస్తున్న మా బావ తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"రాదమ్మా" అన్నాడు.

"ఇంకోటి. నూట అరవై పేజీలూ నేను ఆ గడియారాలాయన కోసం చదివాను. ఎక్కడున్నాడో, ఏమైపోయాడో అని. మీరేమో చివర్లో ఆయన చచ్చిపోయాడని ఒక్క మాట అనేసి, హంతకుడి వెంట పడ్డారు. నాకు హంతకుడు ఎందుకండీ? ఆ లిఫ్టులో ఆ మనిషికి ఏం జరిగిందో చెప్పాలి కదా. ముందున్నది మళ్ళీ చదువుతాను గానీ, ఇది మాత్రం ఇంకోసారి చదవను."

"అమ్మా, ఇంకొక్కసారి చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు బావ. షాపాయన బిల్లు కాగితం వెనక్కి తిప్పి ఇస్తే, ఆవిడ చెప్పిందంతా నెమ్మదిగా రాసుకున్నాడు. ఆవిడ మధ్యలో ఒక మాట మార్చి చెబితే, పాతది కొట్టేసి కొత్తది రాశాడు.

దారిలో బావ ఒకచోట ఆగి, ఎవరో అభినందించినట్టు, "బాగాలేదందిరా" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన్ని అంత సంతోషంగా నేను చూడలేదు.

అక్క తలుపు తీసింది. ఇద్దరం కలిసి రావడం చూసి ముందు నన్నే అడిగింది.

"ఏం చేశావురా?"

"వాడి సంగతి తర్వాత చెబుతాను" అన్నాడు బావ. "పుస్తకం చదివారు. ఏడుగురు, బయటివాళ్ళు. ఒకావిడ దగ్గరికి వెళ్ళొచ్చాం. ముగింపు బాగాలేదంది."

అక్కకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఎవరావిడ? రాసి చూడమనండి, తెలుస్తుంది! ఏళ్ళ తరబడి కూర్చుని రాస్తే, ఒక్క పూటలో..."

"కోప్పడకు. నిజమే చెప్పింది. చెయ్యి విరిగినవాడు ఆ తలుపు ఎలా తెరుస్తాడు?"

అక్క పైట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఆ చెయ్యి సంగతి నాకూ అనిపించింది" అంది.

"ఎప్పుడు?"

"మీరు చదివి వినిపించినప్పుడే."

"మరి బాగుందన్నావు?"

"నాలుగింటికీ అలాగే అన్నాను. నాలుగింటి ముగింపూ నాకు నచ్చలేదు. మూడోది ఫరవాలేదు." అక్క పైట చెంగు వదిలేసింది. "బాగాలేదంటే రాయడం మానేస్తారేమోనని భయమేసిందండీ."

బావ చేతిలోని బిల్లు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అందరూ బాగుందంటున్నారనే మానేద్దామనుకున్నాను" అన్నాడు.

అక్క ఏడ్చింది. బావ ఆమెని ఊరుకోబెట్టలేదు. కుర్చీ లాగి ఆమె ముందు వేసి, తను ఎదురుగా కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాడు.

"కూర్చో. మొదటి పుస్తకంతో మొదలుపెట్టు. ఏదీ దాచకు."

అక్క లోపలికి వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, మొదటి నవలలో అసలు ఆ ముసలాయన చావాల్సిన అవసరమే లేదంటూ మొదలుపెట్టింది. బావ రాసుకుంటున్నాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు వాదించబోయి, ఆగి, మళ్ళీ రాసుకున్నాడు.

నేను నిలబడే ఉన్నాను. వాళ్ళు నన్ను మర్చిపోయారు. గుర్తుండి అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాలుగు పుస్తకాలు నా చేత్తో కుట్టాను. వాటన్నిటిలో నేను చదివింది పదహారు పేజీలు, అదీ దొంగతనంగా. చెప్పులు వేసుకుని ప్రెస్సుకి వెళ్ళాను. అటక మీంచి మొదటి నవల దించి, దుమ్ము దులిపి, మొదటి పేజీ తీశాను.